సంఘపు కొలువునకు మనిషిని ఎన్నుకొనుట – గుణపరీక్షా నివేదికను చదువు విధము



విత్తనమును ఎన్నుకొనుట, నేలను పరీక్షించుట మనకు క్రొత్త విద్యలు కావు. ఈ మాసపు పాఠమునందు మనిషిని ఎన్నుకొనుటను గూర్చి ముచ్చటింతము. ఇది కర్షకుల పత్రికకు తగిన విషయమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. విత్తనము చెడిన ఒక పంట పోవును. సంఘమున చేరిన ఉద్యోగి ఆ పనికి తగనివాడైనచో పది పంటలు పోవును. కార్యదర్శి, గుమాస్తా, ఎరువుల గిడ్డంగి చూచువాడు – ఈ ముగ్గురి నోటిమాటను బట్టియే సభ్యుడు సంఘపు గడప త్రొక్కునో, వడ్డీవ్యాపారి గడప త్రొక్కునో తేలుచున్నది.

ఇప్పుడు ఉద్యోగార్థులు తమ దరఖాస్తుతోపాటు ఒక క్రొత్త కాగితమును తెచ్చుచున్నారు. అభ్యర్థి కంప్యూటరు ముందు కూర్చుండి కొన్ని ప్రశ్నలకు జవాబులు గుర్తించును. అంతట అతని మాటనేర్పు ఇంత, ఓర్పు ఇంత, చొరవ ఇంత యని రంగు పట్టీలతోడను అంకెలతోడను ఒక నివేదిక వెలువడును. పట్టణములలోని కంపెనీలు దీనిని బహుకాలముగా వాడుచున్నవి. మన సంఘముల బల్లలమీదికి వచ్చినప్పుడు దీనిని ఎట్లు చదువవలెను? ఎంతవరకు నమ్మవలెను? మనిషి చేరిన పిమ్మట దీనితో ఏమి చేయవలెను? ఇవియే నేటి పాఠమునందలి మూడు ప్రశ్నలు.

1. ఈ గుణములనగా నేవి?

లెక్క వ్రాయుట, చిట్టా కట్టుట, కంప్యూటరు నడుపుట – ఇవి చేతిపనిని బోలిన నైపుణ్యములు. నేర్పినచో వచ్చును, పరీక్షించినచో తేలును. ఇవి కాక మరికొన్ని కలవు: ఎదుటివాని మాటను పూర్తిగా వినుట, తెలియని వానికి విసుగు లేక చెప్పుట, కోపము వచ్చినప్పుడు నిగ్రహించుకొనుట, నలుగురితో కలిసి పనిచేయుట, తన తప్పును తాను ఒప్పుకొనుట. వీటినే నేడు మృదునైపుణ్యములని, సాఫ్ట్ స్కిల్స్ అని పిలుచుచున్నారు. పేరు మృదువైనను పని కఠినమైనదే.

సహకారోద్యమమునకు ఈ విషయము క్రొత్తది కాదు. జర్మనీ దేశమున రైఫైజన్ మహాశయుడు గ్రామ పరపతి సంఘములను నెలకొల్పినప్పుడు, అప్పు తీసికొనువాని ఆస్తికంటె అతని నడవడియే ముఖ్యమైన హామీగా నెంచబడెను. చెన్నరాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ గారు ఆ పద్ధతిని పరిశీలించి 1895 మొదలు 1897 వరకు తమ నివేదికను సమర్పించిరి. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమువలన గ్రామ సంఘముల సభ్యులకు అపరిమిత బాధ్యత యేర్పడెను. ఒకడు ఎగవేసిన అప్పు అందరి నెత్తిపై పడును గనుక, పొరుగువాని గుణము నెఱుగుట ప్రతి సభ్యునికిని అవసరమయ్యెను. అనగా మన సంఘములు పుట్టినదే గుణపరీక్షమీద. అయితే నాడు సభ్యుని గుణమును తూచితిమి. ఉద్యోగి గుణమును తూచు పద్ధతిని మాత్రము అంతగా అలవరచుకొనలేదు.

నేడు ఆ అవసరము పెరిగినది. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరణము చేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. వడ్డీ లెక్క యంత్రము కట్టును. ఆ లెక్కను వృద్ధుడైన రైతునకు విడమరచి చెప్పుట మాత్రము మనిషి చేయవలసిన పని.

2. ఈ పరీక్షలు ఎచ్చటనుండి వచ్చినవి?

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సైన్యమునకు అధికారులు చాలకపోయిరి. కులీనులను, పెద్దబడులలో చదివినవారిని ముఖాముఖి చూచి తీసికొను పాతపద్ధతి పనికిరాకపోగా, 1942 లో ఎంపిక మండలులను ఏర్పరచిరి. అభ్యర్థులను కొన్ని దినములు ఒకచోట నుంచి, నాయకుడు లేని గుంపునకు ఒక పని నప్పగించి, ఎవరు ఎట్లు నడుచుకొందురో కనిపెట్టుచుండిరి. భారతదేశమునందును 1943 లో అట్టి మండలి యేర్పడెను. నేటికిని మన సైన్యమున అధికారి కాగోరువారు ఐదు దినములపాటు ఈ పరీక్షలకు నిలువవలెను. చిత్రమును చూచి కథ వ్రాయుట, మాట చూచినంతనే తోచిన వాక్యము వ్రాయుట, గుంపు చర్చ, మైదానమున పని, ముఖాముఖి – ఇన్ని విధములుగా పదునైదు గుణములను పరిశీలింతురు.

ఇందులో మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఒక్క పరీక్షను, ఒక్క మనిషి అభిప్రాయమును వారు నమ్మరు. వేరువేరు పరీక్షకులు వేరువేరుగా చూచి, పిదప కలిసి కూర్చుందురు. మన బల్లమీదికి వచ్చు నివేదికయో, అభ్యర్థి తన్నుగూర్చి తాను చెప్పుకొన్న జవాబులనుండి పుట్టినది. ఈ రెండింటికిని గల తారతమ్యము సామాన్యమైనది కాదు.

3. నివేదిక భూసార పత్రము వంటిది

ఈ నివేదికను ఎట్లు చదువవలెనో మనకు మన పొలమే నేర్పును. కేంద్ర ప్రభుత్వపు భూసార పత్రముల పథకము 2015 లో ఆరంభమైనది. ఆ పత్రము సరిగా నుండవలెనన్న మొదట మట్టిని సరిగా తీయవలెను. గట్టు ప్రక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీయరాదు. పొలమంతటను వంకరటింకరగా నడచి, పది పదునైదు తావులలో జానెడు లోతున గుంట త్రవ్వి, అంచు మట్టిని గీచి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములను తీసివేయుచు అరకిలో మిగులునట్లు చేయుదుము. పెంటకుప్ప దగ్గర తీసిన మట్టికి పత్రము గొప్పగా వచ్చును. పంట మాత్రము రాదు.

అభ్యర్థి ఉద్యోగము కోరి ఒక పూట ఇచ్చిన జవాబులు ఒక్క తావున తీసిన మట్టి. “మీరు ఓర్పుగలవారా?” యని యడిగిన కాదనువాడెవ్వడు? కాబట్టి నివేదికలోని ఎక్కువ అంకెలను చూచి మురిసిపోరాదు. తక్కువ అంకెలను చూచి కొట్టివేయరాదు. జింకు తక్కువయని పత్రము చెప్పిన పొలమును అమ్ముకొందుమా? జింకు సల్ఫేటు వేసికొందుము. కొంతకాలమునకు మరల పరీక్షింతుము. నివేదిక తీర్పు కాదు. ఎచ్చట చూడవలెనో చెప్పు సూచన మాత్రమే.

4. రెండు మోసములు

మొదటి మోసము సోదెమ్మ మోసము. సోదెమ్మ గడపలో కూర్చుండి, “నీ మనసు వెన్న, నీ మంచితనము నలుగురు గుర్తించుట లేదు, ఒక దిగులు నిన్ను లోలోపల తినుచున్నది” అని చెప్పిన, వినువారందరును తమ్ముగూర్చియే చెప్పినదనుకొందురు. 1948 లో అమెరికా దేశమున ఫోరర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 39 మంది విద్యార్థులకు గుణపరీక్ష జరిపి, ఒక్కొక్కరికి ఒక్కొక్క నివేదిక ఇచ్చెను. అది తమకు ఎంతవరకు సరిపోయినదో 5 మార్కులకు వేయుడని కోరగా, సగటున 4 కు పైగా వేసిరి. తరువాత తెలిసిన దేమనగా, అందరికిని ఇచ్చినది ఒక్కటే నివేదిక; అందలి వాక్యములలో పెక్కు జ్యోతిషపు పుస్తకమునుండి తీసినవి. కాబట్టి నివేదికలో ఏ వాక్యము కనబడినను, “ఇది మా యూరిలో ఎవరికైనను సరిపోవునా?” యని మొదట ప్రశ్నించుకొనుడు. సరిపోవునేని దానిని కొట్టివేయుడు.

రెండవ మోసము మన కంటిది. 1920 లో థార్న్‌డైక్ అను పండితుడు సైన్యాధికారులు తమ క్రింది వారికి వేసిన మార్కులను పరిశీలించెను. దేహదారుఢ్యము, తెలివి, నాయకత్వము, శీలము – వీటికి వేరువేరుగా మార్కులు వేయుడని కోరినను, ఒకదానిలో ఎక్కువ వేసిన వానికి అన్నిటను ఎక్కువయే వేసిరి. ఒక మంచి గుణపు వెలుగు తక్కినవాటిపై పడి కనులు మిరుమిట్లు గొలుపును. తెల్లని చొక్కా, ధారాళమైన ఇంగ్లీషు చూచి ‘ఇతడు నిజాయితీపరుడు’ అనుకొనుట ఇట్టిదే. ఇంటిపేరు విన్నంతనే కులమును లెక్కించి మార్కులు వేయుట దీనికంటె హీనమైనది. మన గ్రామములలో ఇది లేదని ఎవరును గుండెపై చేయి వేసికొని చెప్పజాలరు.

ఈ భయమువలననే కేంద్ర ప్రభుత్వము క్రింది తరగతుల ఉద్యోగములకు 2016 జనవరి 1 నుండి ముఖాముఖిని ఎత్తివేసెను. మన రాష్ట్రమున 2019 సెప్టెంబరులో లక్షకు పైగా గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగములకు వ్రాతపరీక్ష మాత్రమే జరిగినది; గ్రామ వ్యవసాయ సహాయకులు అట్లు వచ్చినవారే. సిఫారసులకు తావు లేకపోవుట మేలే. కాని రైతు ముంగిట నిలిచి పనిచేయువాని ఓర్పును ఏ వ్రాతపరీక్షయు తూచజాలదు. కావున మార్గము రెండింటి నడుమ నున్నది: గుణమును తూచవలెను, తూచు త్రాసు అందరికి ఒక్కటిగా నుండవలెను.

5. నేను చేసిన తప్పు

ఇచ్చట నా అనుభవ మొకటి మనవి చేయుదును. కొన్ని యేండ్ల క్రిందట డెల్టాలోని ఒక సంఘమువారు గుమాస్తా ఎంపికకు నన్నును పిలిచిరి. చివరకు ఇద్దరు మిగిలిరి. మొదటివాని నివేదికలో మాటనేర్పునకు ఎదురుగా నూటికి తొంబది యుండెను. వచ్చి కూర్చుండి చక్కగా మాటలాడెను. రెండవవాని నివేదికలో ‘నలుగురిలో మాటలాడుటకు జంకును’ అని యుండెను. మా ముందు నిజముగనే జంకెను. చిన్నతనమున మిషను బడిలో వేదికమీద నిలువబెట్టి మాటలాడించిన అలవాటుచేత కాబోలు, ధారాళముగ మాటలాడువాడే సమర్థుడని నా మనస్సున నాటుకొనియుండెను. మొదటివానికే నేను ఓటు వేసితిని. అందరును సరేననిరి.

మరు సంవత్సరము జులై నెలలో, నాట్ల అదనులో, ప్రదర్శన క్షేత్రము చూచుటకు వెళ్లగా గట్టుమీద ఒక కౌలు రైతు మహిళ ఎదురయ్యెను. “సంఘములో యూరియా తీసికొంటివా అమ్మా?” యని యడిగితిని. ఆమె యిట్లనెను: “మూడుసార్లు తిరిగానండి. కౌలు కార్డు చూపిస్తే, ఆసామిని తీసుకురా అన్నారండి. ఆసామి హైదరాబాదులో ఉంటారు, ఆయనెక్కడొస్తారండి? నే చెప్పేది వినందే!” ఆమె చేతనున్నది 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టము క్రింద ఇచ్చిన కార్డే. అదను దాటిపోవునను భయముచేత ఆమె, పంట తనకే తోలవలెనను షరతు పెట్టిన వర్తకుని యొద్ద అరువు తెచ్చుకొనెను. ఆ షరతువలన ఆమె బస్తాకు ఎంత నష్టపోయినదో లెక్క వేయుట నాకు కష్టము కాలేదు. తల యెత్తి ఆమెను చూచుటయే కష్టమయ్యెను.

ఇంటికి వచ్చి ఆనాటి నివేదిక ప్రతిని వెదకి తీసి చదివితిని. రెండవ పుటలో, మేమెవరమును త్రిప్పని పుటలో, ‘ఇతరుల మాట వినుట’ అను గుణమున కెదురుగా నలుబదికి లోపు అంకె యుండెను. మాటలాడుట వేరు, వినుట వేరు. నివేదిక చెప్పినది, మేము చదువలేదు. రెండవవాడు ప్రక్క యూర మరొక పనిలో చేరి, ఒక్కొక్క రైతునకు ఓపికతో చెప్పి పంపుచున్నాడని తరువాత వింటిని. అతడు జంకినది ఎనమండుగురు పెద్దల ముందు. గుమాస్తా పని వేదికపై ఉపన్యాసము కాదే!

6. నియామక సమయమున అనుసరింపవలసిన క్రమము

సహకార శాఖవారి నియమములకు లోబడి, ఈ క్రింది క్రమమును పాటించిన మేలు.

(అ) ప్రకటనకు ముందే పాలకవర్గము కూర్చుండి, ఆ పనికి ముఖ్యమైన గుణములను నాలుగింటికి మించకుండ వ్రాసికొనవలెను. గిడ్డంగి చూచువానికి నిజాయితీ, నిదానము. గుమాస్తాకు వినుట, విడమరచి చెప్పుట.

(ఆ) విత్తనపు సంచిపై చీటీ ఎట్లున్నను, తడిగోనెలో నూరు గింజలు కట్టి మొలక చూచుకొనుట మన పెద్దల మర్యాద. ధృవీకరించిన వరి విత్తనమునకు నూటికి 80 మొలకలు రావలెనని నియమము. చీటీని గౌరవింతుము, మొలకను నమ్ముదుము. అట్లే అభ్యర్థికి నిజమైన పనిలో ఒక తునకనిచ్చి చూడవలెను. ఉదాహరణలు:

ఒక వృద్ధ రైతును ఎదుట కూర్చుండబెట్టి, అతని అప్పు ఖాతా చూపి, వడ్డీ ఎట్లు పడినదో చెప్పుమనుడు.

“లారీ వచ్చినది. 45 కిలోల యూరియా బస్తాలు 200 కలవు. వరుసలో 300 మంది యున్నారు. అధ్యక్షులవారి బంధువు పది బస్తాలు ముందుగా ఇమ్మనుచున్నాడు. ఏమి చేయుదువు?”

“సాయంకాలము నగదు ఎంచగా 500 రూపాయలు తక్కువ వచ్చినది. ఎవరును చూడలేదు. ఏమి చేయుదువు?”

(ఇ) అందరికిని అవే ప్రశ్నలు, అదే వరుసలో, అంతే వ్యవధిలో వేయవలెను. ఉద్యోగపు ఎంపిక పద్ధతులపై జరిగిన పరిశోధనలను 2022 లో పునఃపరిశీలించిన పండితులు, ఇట్లు ముందే నిర్ణయించిన ప్రశ్నలతో జరుపు ముఖాముఖియే పనితనమును ముందుగా తెలుపుటలో అన్నిటికంటె మేలని తేల్చిరి.

(ఈ) దేనికి ఎన్ని మార్కులో ముందే వ్రాసికొనవలెను. ఓర్పునకు చూడుడు: రైతు చెప్పినది పూర్తిగా విని, దానిని తన మాటలలో తిరిగి చెప్పి సరిచూచుకొని జవాబిచ్చిన 5; విని జవాబిచ్చినను, రైతునకు అర్థమైనదో లేదో కనుగొనకున్న 3; నడుమనే అడ్డు తగిలి, ‘రేపు రా’ యని పంపిన 1.

(ఉ) ప్రతి సభ్యుడును తన మార్కులను విడిగా కాగితముపై వ్రాసి మడచిన తరువాతనే చర్చ ఆరంభము కావలెను. అధ్యక్షులు ముందుగా నోరు విప్పిన తక్కినవారు వారి వెంట పోవుట సహజము.

(ఊ) గుణపరీక్షా నివేదికను చివర తెరువవలెను. దానికి మార్కులు వేయరాదు. అందులో తక్కువ యని చెప్పిన గుణమును గూర్చి ఒక ప్రశ్న వేసి, ఆ గుణము బయటపడిన సందర్భమును అభ్యర్థి నోటనే చెప్పింపవలెను. నివేదికకును మన కంటికిని భేదము వచ్చినప్పుడు పని తునకను మరల ఇచ్చి చూడవలెను. మరియు అన్ని పుటలను చదువవలెను.

7. చేరిన తరువాత

నివేదికకు అసలైన ఉపయోగము నియామకముతో ముగియక అచ్చటనే ఆరంభమగును. నారు పోసి వదలివేయువాడు రైతు కాడు. మేమెన్నుకొన్న గుమాస్తాను తీసివేయవలెనని కొందరు పట్టుబట్టిరి. తప్పు అతని దొక్కనిదే కాదని నేను మనవి చేసితిని. పాలకవర్గమువారు అతనిని పిలిచి, నివేదికలోని ఆ అంకెను, ఆ మహిళకు జరిగినదానిని ఒక్కచోట నుంచి చూపిరి. అతడు మొదట కోపగించుకొనెను, పిదప మౌనముగా వినెను. ఒక కారు అంతయు అనుభవజ్ఞుడైన పాత గుమాస్తా ప్రక్కన కూర్చుండునట్లును, రైతు కోరినదానిని తిరిగి చెప్పి సరియో కాదో అడిగిన పిదపనే జవాబిచ్చునట్లును ఏర్పాటు చేసిరి. కౌలు కార్డుల జాబితాను అతనిచేతనే వ్రాయించి గోడకు తగిలించిరి. నెలకొకసారి ముగ్గురు సభ్యులను – ఒక కౌలు రైతు తప్పక యుండునట్లు – విడిగా అడిగి వ్రాసికొనిరి.

ఏడాదికి అతనిలో మార్పు కనబడెను. పూర్తిగా మారెనని చెప్పజాలను. రద్దీ దినములలో నేటికిని గొంతు హెచ్చును. కాని కౌలు కార్డు తెచ్చినవారు వెనుకకు మరలుట లేదు. ఆ మహిళ మాత్రము మరల సంఘమునకు రాలేదు.

శిక్షణకు సూత్రము లివి: ఒక్క కాలమున ఒక్క గుణమును మాత్రమే పట్టుకొనుడు. ‘మర్యాదగా నుండుము’ అని చెప్పక, చేయవలసిన పనిని చెప్పుడు. కొలుచు దినమును ముందే నిర్ణయింపుడు. మంచి కనబడినప్పుడు నలుగురిలో చెప్పుడు. లోపమును ఒంటరిగా చెప్పుడు.

8. దాచరాదు, చాటరాదు

నివేదికను ఉద్యోగికి చూపకుండ బీరువాలో దాచుట అన్యాయము. సరిహద్దు రోడ్ల సంస్థలోని ఇంజనీరు దేవ్‌దత్ గారికి ఒక సంవత్సరపు రహస్య నివేదికలో ‘మంచి’ అని వ్రాసిరి. పదోన్నతికి ‘చాల మంచి’ కావలసియుండెను. ఆ సంగతి ఆయనకు తెలుపలేదు. ఆయన సుప్రీముకోర్టునకు వెళ్లగా, మంచిదైనను చెడ్డదైనను ప్రతి వ్రాతను ఉద్యోగికి తెలుపవలెనని 2008 లో తీర్పు వచ్చెను. తెలియని లోపమును ఎవడు దిద్దుకొనగలడు?

అట్లని నివేదికను టీ కొట్టు దగ్గర చదువరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టపు మూలసూత్రములలో ఒకటి ఇది: సమాచారమును దేనికొఱకు తీసికొంటిమో దానికే వాడవలెను. ఎంపిక కాని వారి నివేదికలను, పని తీరినపిమ్మట, నియమములు అనుమతించినంత త్వరగా తీసివేయవలెను.

ముగింపు

సోదరులారా! నేను త్రిప్పని ఒక్క పుటవలన సంఘము ఒక కౌలు రైతును పోగొట్టుకొనెను. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందు ఈ మూడు ప్రశ్నలను మీ సంఘమున చర్చింపుడు:

(1) మన గుమాస్తా పనికి ముఖ్యమైన నాలుగు గుణము లేవి?

(2) గత సంవత్సరము ఎందరు సభ్యులు రిక్తహస్తములతో మరలిరి? వారిలో కౌలుదారు లెందరు?

(3) మన ఉద్యోగులకు తమ లోపము తెలియునా? దిద్దుకొనుటకు మనము చేసిన సాయ మేమి?

రెండవ ప్రశ్నకు జవాబు చిట్టాలో దొరకదు. గట్టుమీదికి పోయి అడుగవలెను.